గ్రబ్ పోయిందని ఫార్మాట్ కొట్టేస్తే ఎలా?

2024 ఆగస్టు 16, శుక్రవారం. వరలక్ష్మీ వ్రతం. మా తిరుచానూరులో ఆ రోజు ఎట్లా ఉంటుందో ఈ వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. అమ్మవారి గుడి చుట్టుపక్కల వీధుల్లో బండి పెట్టడానికి కూడా చోటు దొరకదు. ముందు రోజు పంద్రాగస్టు సెలవు కలిసొచ్చిందని నేను బెంగళూరు నుంచి ఇంటికొచ్చి ఉన్నాను. ఇంట్లో పూజ ఇంకా మొదలు కాలేదు, మా పిన్ని కొడుకు లాప్‌టాప్ బ్యాగు భుజానికేసుకుని వచ్చేశాడు.

"అన్నా, ఆన్ చేస్తే ఇంగ్లీషులో ఏందో రెండు లైన్లు వచ్చి ఆఫ్ అయిపోతా ఉంది. నిన్న తిరుపతిలో షాపులో చూపించినా. హార్డ్‌డిస్క్ దెబ్బతినిందంట, ఫార్మాట్ కొట్టాలంట. ఏడొందలంట. డేటాకి గ్యారంటీ లేదన్నాడు."

"కొట్టించేశావా?"

"లేదు నా. సోమవారం ప్రాజెక్ట్ రివ్యూ ఉంది. కోడంతా ఉబుంటులోనే ఉండేది."

గిట్‌హబ్‌లో చివరిసారి ఎప్పుడు పెట్టావురా అని అడిగితే తల గోక్కున్నాడు. జూన్‌లోనంట. అంటే రెండు నెలల పని ఆ డిస్క్‌లో తప్ప ఇంకెక్కడా లేదు.

ఆన్ చేసి చూశాను. "వెరిఫైయింగ్ షిమ్ ఎస్‌బ్యాట్ డేటా ఫెయిల్డ్, సెక్యూరిటీ పాలసీ వయొలేషన్" అని ఒక లైను. దాని కింద "సంథింగ్ హ్యాజ్ గాన్ సీరియస్‌లీ రాంగ్" అని ఇంకో లైను. కాసేపటికి మిషన్ తనంతట తానే ఆఫ్. ఆ రెండో లైను రాసిన ప్రోగ్రామర్ ఎవరో గానీ, అది చదివితే ఎవరికైనా గుండె జారిపోతుంది. తెలుగులో డెస్క్‌టాప్ తేవడానికి స్వేచ్ఛ లాంటి వాళ్ళు ఏళ్ళ తరబడి కష్టపడ్డారు. కానీ కంప్యూటర్ నిజంగా భయపెట్టే ఈ చోటికి ఇంకా ఏ తెలుగూ రాలేదు.

నేను మొదట చేసింది ఒక్కటే. ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కి, వచ్చిన లిస్టులో విండోస్ బూట్ మేనేజర్ సెలెక్ట్ చేశాను. విండోస్ చక్కగా తెరుచుకుంది. డిస్క్ దెబ్బతిని ఉంటే ఇది జరుగుతుందా? షాపులో ఆ ఒక్క బటన్ నొక్కి ఉంటే "హార్డ్‌డిస్క్ పోయింది" అనే మాట నోటికి వచ్చేదే కాదు.

ఈ ఒక్క బగ్ ఎప్పుడో పాతబడిపోయింది. నాకు బాధ కలిగించేది దాని వెనకున్న అలవాటు. మన ఊళ్ళల్లో బూట్‌లోడర్ చెడిపోవడానికీ డేటా పోవడానికీ తేడా ఎవరూ చూడరు. స్క్రీన్ నల్లగా ఉంటే చాలు, మందు ఒక్కటే: ఫార్మాట్.

అసలు పోయేది ఎంత?

పవర్ బటన్ నొక్కగానే ముందు నిద్ర లేచేది మదర్‌బోర్డు మీది చిన్న చిప్‌లో ఉండే యూఈఎఫ్ఐ. విండోస్, లినక్స్ రెండూ ఆ తర్వాతే. దాని దగ్గర ఒక లిస్టు ఉంటుంది: ముందు ఉబుంటు, అది కుదరకపోతే విండోస్, అదీ లేకపోతే పెన్‌డ్రైవ్. ఆ లిస్టు పట్టుకుని అది డిస్క్‌లో ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అనే చిన్న గదిలోకి వెళ్తుంది. విండోస్ తనంతట తాను వేసుకుంటే ఆ గది మామూలుగా 100 ఎంబీ, కంపెనీ నుంచి వచ్చే చాలా లాప్‌టాప్‌లలో 260 ఎంబీ. అందులో మైక్రోసాఫ్ట్‌కి ఒక ఫోల్డర్, ఉబుంటుకి ఒక ఫోల్డర్. ఉబుంటు ఫోల్డర్‌లో షిమ్ అనే చిన్న ఫైలు, దాని పక్కన గ్రబ్. షిమ్ గ్రబ్‌ని లేపుతుంది, గ్రబ్ మనకి మెనూ చూపించి లినక్స్ కెర్నల్‌ని లేపుతుంది.

512 జీబీ డిస్క్‌లో ఈ గది ఏ మూలకి? మీ ఫోటోలు, కోడు, సినిమాలు ఏవీ దీంట్లో ఉండవు. ఇందులో ఏం చెడిపోయినా మీ ఫైళ్ళు వాటి పార్టిషన్లలో అలాగే పడుకుని ఉంటాయి. దారి చూపే బోర్డు పడిపోయిందని ఊరు లేదనుకుంటామా?

పాత బయోస్ రోజుల్లో ఇది ఇంకా చిన్నది. డిస్క్‌లో మొట్టమొదటి సెక్టారు 512 బైట్లు, అందులో బూట్ కోడ్‌కి దక్కేది 446 బైట్లు. ఒక్కరికే చోటు. విండోస్ ఇన్‌స్టాల్ చేస్తే అప్పటికే ఉన్న గ్రబ్‌ని తుడిచేసి తను కూర్చునేది. "ముందు విండోస్, తర్వాత లినక్స్" అని సీనియర్లు మంత్రంలా చెప్పేది అందుకే. యూఈఎఫ్ఐలో ఎవరి ఫోల్డర్ వాళ్ళకి ఉంది కాబట్టి ఆ గొడవ చాలావరకు తీరింది. కానీ లిస్టులో ముందు ఎవరు అనే గొడవ మిగిలింది.

ఆ గొడవలో నేనూ నష్టపోయాను. 2019లో, బీటెక్ రెండో సంవత్సరం. విండోస్ పెద్ద అప్‌డేట్ ఒకటి వచ్చాక గ్రబ్ మెనూ మాయమైంది, నేరుగా విండోస్‌లోకి వెళ్ళిపోయేది. ఏం చేయాలో తెలియక ఒక షాపులో ఇచ్చాను. మర్నాడు వెళ్తే కొత్త విండోస్, కొత్త వాల్‌పేపర్, ఖాళీ డిస్క్. "క్లీన్‌గా చేసిచ్చినా తమ్ముడూ, ఇంక ఏ ప్రాబ్లమూ రాదు" అన్నాడాయన. మా తాత చివరిసారి పంచమీ తీర్థానికి వచ్చినప్పుడు పద్మసరోవరం మెట్ల మీద కూర్చున్న ఫోటోలు ఆ ఉబుంటు పార్టిషన్‌లో ఉండేవి. ఇంకెక్కడా లేవు. కొన్ని నెలల తర్వాత బూట్ ఆర్డర్ అంటే ఏమిటో నేర్చుకున్నప్పుడు అర్థమైంది: ఉబుంటు ఒకటో స్థానం నుంచి రెండో స్థానానికి దిగింది, అంతే. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి పైకి జరిపితే సరిపోయేది. షాపాయన మీద నాకు కోపం లేదని రాయాలనుంది. కానీ ఉంది.

ఆయన వైపు నుంచి చూస్తే లెక్క వేరు. విండోస్ పెన్‌డ్రైవ్ గుచ్చితే ముప్పావు గంటలో పనైపోతుంది, బుర్ర వాడక్కర్లేదు, కస్టమర్ డబ్బులిచ్చి వెళ్తాడు. బూట్ ఆర్డర్ మార్చి ఇస్తే రెండు నిమిషాల పనికి ఎంత అడుగుతాడు? అదే రెండు నిమిషాలకి నా చేత ఏడొందలు అడగమనండి, సంతోషంగా ఇస్తాను.

అలిపిరి చెకింగ్, షిమ్ చెకింగ్

ఆగస్టు నాటి సంగతికి వస్తాను. కొండకి వెళ్ళే బండి ఏదైనా అలిపిరి దగ్గర ఆగి చెకింగ్ చేయించుకోవాల్సిందే. సెక్యూర్ బూట్ అచ్చంగా అదే పని చేస్తుంది. సంతకం ఉన్న ప్రోగ్రామ్‌నే లేవనిస్తుంది. మన లాప్‌టాప్‌లలో ఆ సంతకం తాళాలు ఎక్కువగా మైక్రోసాఫ్ట్‌వి. లినక్స్ వాళ్ళు గ్రబ్ మార్చినప్పుడల్లా మైక్రోసాఫ్ట్ సంతకం కోసం నిలబడలేరు కాబట్టి, షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్‌కి ఒకసారి సంతకం పెట్టించుకుంటారు. లోపల గ్రబ్‌ని చెక్ చేసే బాధ్యత షిమ్‌ది.

2020 జులైలో గ్రబ్‌లో బూట్‌హోల్ అనే పెద్ద లోపం బయటపడింది. లోపమున్న పాత గ్రబ్‌లన్నింటినీ బ్లాక్ చేయాలంటే వాటి పేర్లు మదర్‌బోర్డు మెమరీలోని నిషేధిత లిస్టుకి చేర్చాలి. ఆ ఒక్క సంఘటనకే 3 సర్టిఫికెట్లు, 150 ఫైళ్ళ హ్యాష్‌లు ఎక్కాయి. మామూలుగా అక్కడ ఉండే చోటు 32 కేబీ, అందులో 10 కేబీ దీనికే పోయింది. ఇలా ఇంకో రెండుసార్లు జరిగితే చోటే ఉండదు. అందుకే ఎస్‌బ్యాట్ అనే పద్ధతి తెచ్చారు. ఒక్కో ఫైలు పేరు రాసుకునే బదులు తరం నంబరు చూస్తారు: ఇంతకంటే పాత తరం గ్రబ్ అయితే లోపలికి రానివ్వొద్దు. బండి నంబర్లన్నీ రాసుకునే బదులు ఫలానా సంవత్సరం కంటే పాత బండ్లు ఘాట్ ఎక్కకూడదు అన్నట్టు. మంచి ఆలోచన, నాకు నచ్చింది కూడా.

2024 ఆగస్టు 13న వచ్చిన విండోస్ అప్‌డేట్ ఆ నంబరు పెంచింది. 2022లో గ్రబ్‌లో దొరికిన ఇంకో లోపాన్ని మూసేయడం ఉద్దేశం. విండోస్, లినక్స్ రెండూ ఉన్న మిషన్లకి దీన్ని వర్తింపజేయబోమని మైక్రోసాఫ్ట్ ముందే రాసింది. కానీ కొన్ని రకాల డ్యూయల్ బూట్‌లని వాళ్ళ కోడు గుర్తుపట్టలేకపోయింది. ఉబుంటు, డెబియన్, మింట్, జోరిన్, పప్పీ వాడే వాళ్ళు ప్రపంచమంతా ఒకే వారంలో ఒకే రెండు లైన్లు చూశారు. మావాడు వాళ్ళలో ఒకడు.

దీనికి విరుగుడు ఇది: సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆఫ్ చేసి, ఉబుంటులోకి వెళ్ళి, మోక్‌యుటిల్ అనే టూల్‌తో ఎస్‌బ్యాట్ పాలసీని డిలీట్ చేయాలి. ఒకసారి రీస్టార్ట్ చేసి మళ్ళీ ఉబుంటులోకే వెళ్ళాలి. అప్‌డేట్లన్నీ వేయాలి, కొత్త షిమ్ వాటితోనే వస్తుంది. తర్వాత సెక్యూర్ బూట్ మళ్ళీ ఆన్.

వినడానికి ఎంత తేలికో! కానీ ఇక్కడే ఒక గొయ్యి ఉంది. యూట్యూబ్ వీడియోలు దాని గురించి పెద్దగా మాట్లాడవు.

సెక్యూర్ బూట్ ఆఫ్ చేసే ముందు

ఈ మధ్య విండోస్ 11 లాప్‌టాప్‌లలో చాలావాటికి డివైస్ ఎన్‌క్రిప్షన్ మనం అడక్కుండానే ఆన్ అయి ఉంటుంది. 2024 అక్టోబర్‌లో వచ్చిన 24హెచ్2 వెర్షన్‌తో ఇది ఇంకా ఎక్కువ మిషన్లకి పాకింది. అలాంటి లాప్‌టాప్‌లో సెక్యూర్ బూట్ మార్చారంటే విండోస్‌కి అనుమానం వస్తుంది. నీలం స్క్రీన్ పెట్టి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. కీ చెప్పలేకపోతే విండోస్ వైపు డేటా మొత్తం తాళం పడినట్టే. ఇదొక్కటే నిజంగా డేటా పోయే సందర్భం. బూట్‌లోడర్ పోతే మీ ఫైళ్ళకి ఏమీ కాదు, దాన్ని బాగుచేయబోయి కీ లేకుండా ఇరుక్కుంటే మాత్రం పోతాయి.

కీ మామూలుగా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉంటుంది. ఏ అకౌంట్? మనలో ఎంతమందికి తెలుసు? లాప్‌టాప్ కొన్న రోజు షాపులో ఎవరో సెటప్ చేసిస్తారు, ఏదో ఒక ఫోన్ నంబరు ఇస్తాం, తర్వాత పిన్ నంబరుతో లోపలికి వెళ్తూ ఉంటాం, అకౌంట్ సంగతే మరిచిపోతాం. మావాడి అకౌంట్ పిన్ని ఫోన్ నంబరు మీద ఉంది. లాగిన్ అవ్వాలంటే ఓటీపీ పిన్ని ఫోన్‌కి వెళ్తుంది. పిన్నేమో అప్పటికి కలశం ముందు కూర్చుని ఉంది, పూజ మధ్యలో ఫోన్ ముట్టదు. మేమిద్దరం గుమ్మం దగ్గర గంటకి పైగా కూర్చున్నాం. హారతి అయ్యాక, తాంబూలాలు ఇచ్చాక, "ఏందిరా మీ గోల" అంటూ పిన్ని ఆ ఆరు అంకెలు చదివింది. కీ కాగితం మీద రాసుకున్నాకే నేను సెక్యూర్ బూట్ జోలికి వెళ్ళాను. ఆ తర్వాత పని ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. ఉబుంటు తెరుచుకుంది, ప్రాజెక్ట్ ఫోల్డర్ ఎక్కడిది అక్కడే ఉంది. వాడు మొదట చేసిన పని గిట్‌హబ్‌లో పెట్టడం. అడక్కుండానే పెట్టాడు.

అందుకే "సెక్యూర్ బూట్ ఆఫ్ చేసేయండి, ఏ ప్రాబ్లమూ ఉండదు" అని ఒక్క ముక్కలో చెప్పే సలహాలంటే నాకు చిరాకు. ముందు కీ సంగతి చెప్పాలి. పని అయ్యాక మళ్ళీ ఆన్ చేయమని చెప్పాలి. ఎప్పటికీ ఆఫ్‌లో ఉంచడం నాకు ఇష్టం లేదు. కొన్ని ఆన్‌లైన్ గేమ్‌లకి విండోస్ 11లో అది ఆన్‌లో ఉండాలి కూడా, వాలొరంట్ ఆడేవాళ్ళకి ఇది తెలిసే ఉంటుంది.

మిగతా రోగాలకి మందు ఇంకా తేలిక. విండోస్ నేరుగా తెరుచుకుంటూ గ్రబ్ కనపడకపోతే నా 2019 కథే, బూట్ ఆర్డర్ చూడండి. లెనోవో, డెల్‌లో ఎఫ్12, హెచ్‌పీలో ఎస్కేప్ లేదా ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. దీనికి తలకిందులుగా, గ్రబ్ వచ్చి అందులో విండోస్ పేరు లేకపోతే కంగారు వద్దు. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి వేరే ఓఎస్‌లని వెతికే ఓఎస్-ప్రోబర్‌ని డిఫాల్ట్‌గా ఆపేశారు. గ్రబ్ సెట్టింగ్స్ ఫైల్లో ఒక్క లైనుతో దాన్ని ఆన్ చేసి గ్రబ్‌ని అప్‌డేట్ చేస్తే విండోస్ లిస్టులోకి వస్తుంది. లినక్స్ విసుగొచ్చి విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దాని పార్టిషన్ డిలీట్ చేసేసి, రీస్టార్ట్ చేయగానే నల్ల స్క్రీన్ మీద గ్రబ్ అనే మాట, ఖాళీ కర్సర్ చూసి ఫోన్ చేసే జూనియర్లు నాకు ఏటా ఇద్దరు ముగ్గురు తగులుతారు. గ్రబ్ బతికే ఉంది, దానికి కావాల్సిన ఫైళ్ళే పోయాయి. విండోస్ బూట్ మేనేజర్‌ని మొదటి స్థానంలో పెడితే సరి. ఉబుంటు ఫోల్డరే చెరిగిపోయి ఉంటే లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి గ్రబ్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాలి. చేతకాకపోతే బూట్-రిపేర్ అనే టూల్ ఉంది, ఒక బటన్‌తో చాలాసార్లు పనైపోతుంది. ఒక్కటి మాత్రం చేయకండి: పదేళ్ళ నాటి వీడియో చూసి బూట్‌రెక్ ఫిక్స్‌ఎంబీఆర్ కొట్టడం. అది పాత బయోస్ మిషన్ల మందు, యూఈఎఫ్ఐ లాప్‌టాప్‌కి దాంతో ఒరిగేదేమీ లేదు. విండోస్ బూట్ ఫైళ్ళే పోయి ఉంటే ఇప్పటి మందు బీసీడీబూట్.

తప్పెవరిది?

2024 గొడవలో లినక్స్ అభిమానులంతా మైక్రోసాఫ్ట్‌ని తిట్టారు. నేనూ తిట్టాను. డ్యూయల్ బూట్‌ని ముట్టుకోం అని రాసి ముట్టుకున్నారు కాబట్టి తిట్టాల్సిందే. పూర్తి పరిష్కారం వచ్చింది 2025 మే అప్‌డేట్‌తో. తొమ్మిది నెలలు! మధ్యలో సెప్టెంబర్ నుంచి ఆ సెట్టింగ్‌ని పంపడం ఆపారు గానీ, అప్పటికే దెబ్బతిన్నవాళ్ళకి దాంతో ఏం లాభం? ఇద్దరు కాపురముండే ఇంటికి ఒకే వీధి తలుపు ఉన్నప్పుడు, ఒకరు రాత్రికి రాత్రి తాళం మార్చే ముందు రెండో వాళ్ళకి చెప్పాలి. ఈ లాప్‌టాప్‌కి డబ్బులు కట్టింది మనం. మదర్‌బోర్డు మెమరీలో మార్పు చేస్తున్నామని స్క్రీన్ మీద ఒక్క మాట అడిగితే మైక్రోసాఫ్ట్ సొమ్మేం పోతుంది?

కానీ అవతలి వైపు కూడా చూడాలి. లోపం గ్రబ్‌లోది, బయటపడింది 2022లో. రెండేళ్ళ తర్వాత కూడా కొన్ని డిస్ట్రోల ఇన్‌స్టాలర్లలో పాత ఫైళ్ళే ఎందుకున్నాయి? దానికి మైక్రోసాఫ్ట్‌ని అనలేం. మూడో ముద్దాయి మనమే. ఉబుంటు వేసుకుని నెలల తరబడి అప్‌డేట్ చేయని వాళ్ళలో మావాడూ ఉన్నాడు, నేనూ ఉన్నాను.

ఇది ఇక్కడితో అయిపోదు. సెక్యూర్ బూట్‌కి ఆధారమైన 2011 నాటి మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి ఒక్కొక్కటిగా తీరుతుంది. వాటి స్థానంలో 2023 నాటివి రావాలి. గడువు తీరిన మర్నాడే లాప్‌టాప్ ఆగిపోదు, భయపడకండి. కానీ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఎప్పుడూ వేయని పాత మిషన్లలో ముందు ముందు వచ్చే కొత్త షిమ్‌లతో పేచీ రావచ్చు. మీ లాప్‌టాప్ కంపెనీ బయోస్ అప్‌డేట్ ఇస్తే వేసుకోండి.

రివ్యూలు రాసే మాకూ ఒక ప్రశ్న

మన పక్కనే తమిళనాడులో 2011 నుంచి ప్రభుత్వం విద్యార్థులకి ఉచితంగా ఇచ్చిన లాప్‌టాప్‌లలో విండోస్‌తో పాటు సి-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ కూడా వేసి ఇచ్చారు. తిరుత్తణి వైపున్న మా చుట్టాల ఇంట్లో ఒకటి చూశాను. ఆన్ చేయగానే రెండు పేర్ల మెనూ వచ్చేది. నాకు డ్యూయల్ బూట్ అంటే ఏమిటో తెలిసింది ఆ స్క్రీన్ చూసే. తర్వాత ఒకసారి వెళ్తే మెనూ లేదు, విండోస్ ఒక్కటే ఉంది. ఏమైందంటే "షాపులో ఫార్మాట్ కొట్టిచ్చినాము" అన్నారు. డ్యూయల్ బూట్ ఇచ్చారు, అది చెడితే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

మేం చేస్తున్నది కూడా అదే. లాప్‌టాప్ రివ్యూలో గేమింగ్ ఫ్రేమ్‌రేటు రాస్తాం, కీబోర్డు లైటు రంగులు రాస్తాం, స్పీకర్ల గురించి ఒక పేరా. బాక్స్ తెరిచిన రోజే ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందా? బూట్ మెనూకి ఏ బటన్? బూట్ ఆర్డర్ మార్చి సేవ్ చేస్తే నిలబడుతుందా, లేక రీస్టార్ట్ చేయగానే మళ్ళీ విండోసే పైకొస్తుందా? ఈఎఫ్ఐ పార్టిషన్ ఎంత ఇచ్చారు? ఇవన్నీ చూడటానికి పావు గంట చాలు. బీటెక్ పిల్లలు అరవై వేలు పెట్టి కొనే వస్తువుకి ఆ పావు గంట మేం పెట్టట్లేదు. నా చేతికి వచ్చే తర్వాతి లాప్‌టాప్ రివ్యూలో ఈ నాలుగూ ఉంటాయి. లేకపోతే కింద కామెంట్లలో నన్ను నిలదీయండి.

మావాడి బండి తాళాల గుత్తికి ఇప్పుడు ఒక చిన్న పెన్‌డ్రైవ్ వేలాడుతూ ఉంటుంది, ఉబుంటు లైవ్‌ది. ఆ 48 అంకెల కాగితం మాత్రం వాడి దగ్గర లేదు. పోగొడతాడని పిన్ని తీసుకుని పూజ గదిలో పంచాంగం మధ్యలో పెట్టింది.